ఇంజిన్ మీద కొబ్బరికాయ

నా పాత స్పోర్ట్స్ కారు దసరా తర్వాత మొండికేసింది. తాళం తిప్పితే టక్కుమని ఊరుకునేది. జడ్చర్లలో బ్యాటరీ చూపిస్తే బాగుందన్నారు. స్టార్టర్ మోటారు విప్పి చూపిస్తే అదీ బాగుందన్నారు.

ఈ రోజు సెలవు పెట్టాను. బండికి దిష్టి తగిలిందని మా నాన్న, అదే మా బాపు, నిమ్మకాయల కోసం బజారుకు వెళ్లాడు. నేను బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కు నేరుగా వేరే వైరు కలిపి తాళం తిప్పితే ఒక్కసారికే స్టార్టయింది. అంటే లోపం బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్‌కు కలిపే ఎర్త్ వైరుది. దాని బోల్టు నిండా తుప్పు, తుప్పులో ఎండిన పసుపు. దసరా పూజలో బాపు బానెట్ ఎత్తి కొబ్బరినీళ్లు పోసింది సరిగ్గా అక్కడే.

బోల్టు గీకి బిగించేలోపు బాపు వచ్చి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. తాళం తిప్పాను, బండి గర్జించింది.

“చూసినవా? నిమ్మకాయలు పెట్టంగనే షురువైంది. దిష్టి అని చెప్తే ఇన్నవా?”

“దిష్టి కాదు బాపూ, నువ్వు పోసిన నీళ్లకే బోల్టు తుప్పు పట్టింది.”

“దేవుని నీళ్లకు తుప్పు పడ్తదారా?”

వాకిట్లో చేరిన ఇరుగుపొరుగు వాళ్లంతా ఆయన మాటకే తలూపారు. నా తిప్పలన్నీ నిమ్మకాయల ఖాతాలో పడ్డాయి. చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆయన మళ్లీ బానెట్ ఎత్తి, బండి నడిస్తే కొబ్బరికాయ కొడతానన్న మొక్కు తీర్చుకుంటున్నాడు. ఇప్పుడే గీకిన బోల్టు మీద కొబ్బరినీళ్లు కారుతున్నాయి.

బానెట్‌కు తాళం బిగించేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి. బాపుకు మాత్రం చెప్పకండి.