ఎముకల డాక్టరు మేడమీద

నా చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. పామర్రులో మా ఇంట్లో అదేమంత పెద్ద విషయం కాదు. అరచేత్తో మోకాలు నొక్కి పట్టుకుని ఇల్లంతా తిరిగేదాన్ని. నేను పట్టుకోవడానికి మా నాన్న పెరట్లో నూతి దగ్గర వెదురు బొంగు అడ్డంగా కట్టాడు. మా అమ్మ నీళ్ల బిందె నా చేతికందే ఎత్తులో పెట్టేది. బియ్యం ఏరేదాన్ని, తమ్ముడికి స్నానం చేయించేదాన్ని, వాడితో కొట్లాడేదాన్ని కూడా. నాలో ఏదో తక్కువని నాకు మొదటిసారి అనిపించింది విజయవాడలోనే.

డెబ్బైల్లో మాట. నాకు పదేళ్లుంటాయి. కాలికి ఇనప పట్టీల బూటు వేయిస్తే చెయ్యి ఆనకుండా నడుస్తానని ఎవరో చెబితే, మా మేనత్త నన్ను బస్సులో అక్కడి ఒక ఆసుపత్రికి తీసుకెళ్లింది. మా అత్త చర్చిలో పాటలు గట్టిగా పాడేది కానీ, బయటివాళ్ల దగ్గర గొంతెత్తి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఎముకల డాక్టరుగారి గది మేడమీద ఉంది. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కర్రల మీద నడిచేవాళ్లు, కట్లు కట్టుకున్నవాళ్లు అందరూ ఆ ఇరుకు మెట్ల కిందే పోగయ్యారు. "ఎత్తుకుని పైకి రామ్మా, డాక్టరుగారు కిందికి దిగరు" అన్నాడు బంట్రోతు. మా అత్త నన్ను ఎత్తగలదు. కానీ అంత పెద్దపిల్లని, అంతమంది ముందు ఎత్తించుకోవాలంటే నాకు ఏడుపొచ్చింది.

మా ముందు ఒక ముసలి సాయిబుగారు కాలికి సిమెంటు కట్టుతో మెట్ల మీద కూర్చుని, వెనక్కి వెనక్కి జరుగుతూ ఎక్కుతున్నారు. ఆయన కూతురు ఆ కాలు రెండు చేతులతో మోస్తోంది. చెమటలు కక్కుతూ ఆయన పైకి చేరేసరికి, "ఎక్స్‌రే ఏదీ? కింద గదిలో తీయించుకుని రా" అన్నాడు బంట్రోతు. ఆయన మళ్లీ కిందికి జరగడం మొదలెట్టారు.

ఆయన కిందికి దిగేదాకా మా అత్త ఆగింది. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి మెట్టు మీద అడ్డంగా కూర్చుంది. బంట్రోతు అరిచినా కదల్లేదు. చివరికి డాక్టరుగారే భోజనానికని దిగొచ్చారు.

"ఏమ్మా, దారికి అడ్డంగా కూర్చున్నావు?"

"మాకూ ఈ మెట్లు అడ్డమేనండీ. కాళ్లు లేనివాళ్లని చూసే గది మేడమీద పెట్టారేంటండీ?"

"ఈ ఆసుపత్రి నేను కట్టించానా?"

"కట్టించింది మీరు కాదులెండి. కింద కుర్చీ వేసుకుని కూర్చోనిది మాత్రం మీరే."

ఆయన ముఖం గంటు పెట్టుకుని కింది బెంచీ మీదే ముందు సాయిబుగారిని, తర్వాత నన్ను చూశారు. నా కాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పారే కానీ నా ముఖంలోకి చూడలేదు. బూటుకి కొలతలు రాసిచ్చారు.

బస్సులో నేను మెల్లగా, "నావల్లే కదత్తా నీకింత తిప్పలు" అన్నాను. ఆమె చివాల్న నా వైపు తిరిగింది. సాయిబుగారిని చూసి వచ్చిన కోపం ఇంకా ఆమె కళ్లలోనే ఉంది.

"నీవల్ల కాదే. ఆ మేడవల్ల. ఇంకెప్పుడూ ఆ మాట అనకు" అంది.

బూటు వచ్చింది, నడిచాను. డాక్టరుగారి గది మాత్రం మేడమీదే ఉంది. వెళ్లిన ప్రతిసారీ మా అత్త ఆ మెట్టు మీదే కూర్చునేది. ఆయన విసుక్కుంటూ దిగేవారు. మేం లేని రోజుల్లో ఎంతమంది అలా పాక్కుంటూ ఎక్కారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.

తర్వాత చాలామంది పెద్దలు నాకు ఓర్చుకోమని చెప్పారు. వయసొస్తే కోపం అదే తగ్గుతుందన్నారు. తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు. మొన్నీమధ్య ఒక కొత్త ఆసుపత్రిలో లిఫ్టు పనిచెయ్యడం లేదని, ఈ వయసులో నాకు తోడైన చక్రాల కుర్చీతో సహా నన్ను పైకి మోసుకెళ్తామని ఇద్దరు వచ్చారు. వద్దన్నాను. డాక్టరుగారినే కిందికి రమ్మనమన్నాను. అక్కడున్న వాళ్లందరికీ వినపడేలాగే అన్నాను.