మా ఊరి ప్లాంటులో సముద్రం రుచి

ముందే చెప్తాండా, దయ్యాలూ గాలి సోకడాలూ నమ్మే మనిషిని కాదు నేను. ఇంట్లో ఎవురికన్నా దిష్టి తీస్తాంటే నవ్వొచ్చి బయటికి పోతా. పంపు నిలిచిపోతే ఫ్యూజు చూస్తా గానీ పంచాంగం చూడను. ఈ సంగతి ఇంకొకడు చెప్పింటే నేనే వాణ్ని ఎగతాళి చేసుండేవాణ్ని. కాబట్టి మీరు నవ్వినా నాకేం బాధ లేదు.

మాది అనంతపురం జిల్లా, కుందుర్పి పక్కన ఒక పల్లె. మా బోరు నీళ్లల్లో ఫ్లోరైడు. మా నాయనకు నలభై దాటకముందే మోకాళ్లు వంగిపోయినాయి. గార పట్టని పండ్లు మా ఊర్లో చిన్నపిల్లోళ్లకు కూడా చానా తక్కువ.

నేను ఐటీఐ చదివి, తమిళనాడు తీరాన సముద్రం నీళ్లను మంచినీళ్లుగా చేసే పెద్ద ప్లాంటులో పనికి చేరినా. తొలిసారి చూసినప్పుడు ఆడనే నిలబడి చూస్తానే ఉండిపోయినా. సముద్రం నీళ్లను వడగట్టి, పెద్ద పంపుతో తోసి, మెంబ్రేన్లనే సన్నటి పొరల్లోంచి నెడితే, ఉప్పు ఒక పక్క ఉండిపోయి ఇంకో పక్క తియ్యటి నీళ్లొస్తాయి. మంత్రమూ లేదు, మాయా లేదు, ఒత్తిడి ఒక్కటే. ఇది కనిపెట్టినోని కాళ్లు మొక్కాలనిపించింది. ఇప్పటికీ ఆ గొట్టంలోంచి తొలి ధార పడుతాంటే నాకు అట్లే అనిపిస్తాది.

ఆడ నాకు పని నేర్పింది ఓబులేసన్న. షిఫ్టు ఇన్‌ఛార్జి, మా జిల్లానే, శింగనమల వైపు మనిషి. పైపు మీద అరచెయ్యి పెట్టి యా మెంబ్రేను చెడిందో చెప్పేవాడు. ఇంజినీర్లు కంప్యూటర్ చూసి అరగంట తర్వాత అదే మాట చెప్పేవాళ్లు. అట్లాంటి పనోణ్ని నేను మళ్లా చూడలేదు.

ఆయన నాకు రెండు నేర్పినాడు. ఒకటి, తొలి గ్లాసు ప్లాంటు నడిపేవాడే తాగాల. ఆ తర్వాతే జనానికి ఇయ్యాల. రెండోది పారబోయడం. మెంబ్రేన్లు కడిగినాక, లేదా మందు పోసి నిలవ పెట్టినాక, తొలి గంట నీళ్లు పారబోయాల్సిందే. నాకు అదే కష్టమయింది. మా అమ్మ బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు పోసి, బర్రె తాగంగా మిగిలింది కరివేపాకు చెట్టుకు పోస్తాది. అట్లాంటి ఇంట్లో పెరిగినోణ్ని డ్రెయిన్ వాల్వు తిప్పమంటే చెయ్యి లేయలేదు.

"మన జిల్లావానికి నీళ్లు చేసేది తొందరగానే వస్తాది. పారబోసేది నేర్చుకునేకి నాకే రెండేండ్లు పట్టిందప్పా" అన్నాడు ఓబులేసన్న.

మా ఊర్లో చిన్న ప్లాంటు పెడతాండారని తెలిసి ఆ పని వదిలి వచ్చేసినా. రేకుల షెడ్డు, నాలుగు మెంబ్రేన్లు, ఒక ట్యాంకు. ఊరికి అదే పెద్ద సంబరం. ఓబులేసన్న సముద్రం కాడనే ఉండిపోయి, పోయినేడు గుండెపోటుతో చనిపోయినాడు. నాకు తెలిసేసరికి మూడు దినాలయింది. మట్టికి పోలేకపోయినా.

ఈ ఎండాకాలం మా బోరు మోటరు కాలిపోయింది. బాగయి వచ్చేసరికి ఇరవై దినాలు పట్టింది. అన్ని దినాలు ఊరికే ఉంటే మెంబ్రేన్లకు పాచి పడతాదని ఫార్మలిన్ కలిపిన నీళ్లు నింపి పెట్టినా. పీనుగులు చెడకుండా వాడే మందు అది. మళ్లా ప్లాంటు నడిపేటప్పుడు గంటసేపు పారబోయాల. నాకు తెలుసు.

బాగు చేసిన మోటరు బోరులోకి దించిన దినం పొద్దున ఏడుకే క్యాన్లు వరుస కట్టినాయి. ఇరవై దినాలుగా అందరూ పాత చేతిపంపు నీళ్లే తాగినారు. ఎండలకు బోరు ఒకటిన్నర గంటకంటే ఎక్కువ పొయ్యడం లేదు. దాంట్లో గంట పారబోస్తే ఊరికి ఏం మిగులుతాది? బడికి పోయే పిల్లోళ్లు బాటిళ్లు పట్టుకొని నిలబడినారు. వాళ్లల్లో ముందర నా కూతురే. రెండో తరగతి.

పావుగంట పారబోసినా. కాలవలో పోయే నీళ్లను చూసి ఆడోళ్లు నన్ను తిట్టడం మొదలుపెట్టినారు. నిజం చెప్పాలంటే, వాళ్లు తిట్టకపోయినా నా ప్రాణం కొట్టుకుంటానే ఉండాది. మీటరు పెట్టి చూసినా. బాగానే చూపించింది. అది ఉప్పును కొలిచే మీటరు, ఫార్మలిన్ దానికి కనపడదు. అదీ నాకు తెలుసు. తెలిసి తెలిసి వాల్వు ట్యాంకు వైపు తిప్పినా. పడిశం పట్టి నాకు వాసన తెలియడం లేదు.

ట్యాంకులో కొన్ని నీళ్లు చేరినాక, అలవాటు ప్రకారం తొలి గ్లాసు పట్టి నోట్లో పోసుకున్నా.

సముద్రం.

మా బోరు నీళ్ల సౌడు రుచి నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. ఇది అది కాదు. ఉప్పు, ఉప్పు వెనకాల చేదు, దాని వెనకాల నాచు. ఆరేండ్లు ఆ తీరాన గాలిలో కూడా తగిలిన రుచి. ఉమ్మేసినా. మీటరు మళ్లా పెట్టినా, అంతకుముందు చూపించిందే చూపించింది. గ్లాసు కడిగి ఇంకోసారి పట్టినా. అదే.

నా నాలుకే చెడిందేమో అనుకున్నా. మా ఊర్లో తొలి క్యాను ఎప్పుడూ గంగవ్వది. అందరికంటే ఎక్కువ నడుం వంగింది ఆమెకే కాబట్టి, ఎవురూ చెప్పకుండానే ఆ వరుస వచ్చింది. ఆమెకు గ్లాసిచ్చి, మింగకుండా పుక్కిలించి ఉమ్మమన్నా. నశ్యం పీల్చి పీల్చి ఆమె ముక్కూ ఎప్పుడో మొద్దుబారింది. ఉమ్మేసి, నా మొగం చూసింది.

"ఇవి యాడి నీళ్లప్పా? ఇది మన ఉప్పు కాదు" అన్నాది.

కుళాయి బిగించి, ఒక బాటిలు మటుకు నింపి పక్కన పెట్టి, ట్యాంకు డ్రెయిన్ తెరిచేసినా. బోరు ఎండిపోయేదాకా పారబోస్తానే ఉండినా. ఆ పొద్దు ఊరికి చుక్క ఇయ్యలేదు. ఎన్ని మాటలు పడినానో చెప్పను. కూతురు ఖాళీ బాటిలుతో ఏడ్చుకుంటా బడికి పోయింది.

మర్నాడు ఆ బాటిలు అనంతపురం తీసుకొనిపోయి పరీక్ష చేయించినా. ఫార్మలిన్ ఉండాది, ఈ నీళ్లు తాగకూడదు అన్నారు. ఉప్పు సంగతి అడిగినా. లేదన్నారు. మళ్లా చూడమని బతిమాలినా. ల్యాబులో అమ్మాయి నా ముందరే ఇంకోసారి చూసి, వాన నీళ్ల మాదిరి ఉండాయి, ఉప్పెక్కడిదన్నా అనింది.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడినా. ఉప్పు తగలకపోయింటే ఆ గ్లాసు గటగటా తాగి, పిల్లోళ్ల బాటిళ్లు నింపేవాణ్ని. తొలి బాటిలు నా బిడ్డదే. దావలో పోయేవాళ్లు చూస్తాండినా, ఏడుపు ఆగలేదు.

ఓబులేసన్న వచ్చినాడని నేను అనను. నాకు ఎవురూ కనపల్లేదు, ఏ మాటా వినపల్లేదు. తప్పు చేస్తాండానని లోపల తెలుసు కాబట్టి నా మనసే ఆ రుచి పుట్టించిందని సర్దుకున్నా. గంగవ్వ పక్కనుండే కళ్యాణదుర్గం దాటి ఎరగదు, సముద్రం ఎప్పుడూ చూడలేదు. ముసిలామె, ఏదో అనింటాదిలే అనుకున్నా. అట్లనుకుంటే నిద్ర పట్టేది.

పోయిన నెల గంగవ్వను వాళ్లోళ్లు బస్సులో రామేశ్వరం తీసుకొనిపోయినారు. పొద్దున పది గంటలప్పుడు ఎవురిదో ఫోన్ నుంచి నాకు చేసింది. వెనకాల గాలి హోరు.

"తిప్పేస్వామీ, ఈడ సముద్రంలో మునిగినా. నీళ్లు నోట్లోకి పోయినాయి" అన్నాది. ఆ తర్వాత మెల్లగా అడిగింది. "ఆ పొద్దు నువ్వు ఇచ్చినవి ఇవే నీళ్లు కదప్పా?"

అవునవ్వా అన్నా.

మన ఊరికి ఎట్లొచ్చినాయి అని అడిగింది.