ఖాళీ హాల్లో ముత్తమ్మ పాట

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఏళ్ల తరబడి మైకుల పని చేసిన వాణ్ణి. హాల్లో ఏ వింత శబ్దం వచ్చినా వదులైన వైరో, పైకప్పు మీద పావురమో, ఏదో ఒక కారణం దొరికేది. ఈ ఒక్కదానికే దొరకలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక ఖమ్మంలో కొత్తగా కట్టిన ఆడిటోరియంలో సౌండ్ ఆపరేటర్‌గా చేరాను. కింద మీటింగులూ పెళ్లిళ్లూ జరిగే కన్వెన్షన్ హాలు, పైన సంగీత కార్యక్రమాల హాలు. ఒకరోజు సాయంత్రం పై హాల్లో, గోదారి ఒడ్డున ఉన్న పర్ణశాల అవతలి అడవి ఊరి నుంచి వచ్చే కోయ కళాకారుల కార్యక్రమం ఉంది.

మధ్యాహ్నం రెండింటికి లైట్లు చూసే జానీ, నేను మైకులు పెడుతుంటే కరెంటు పోయింది. జనరేటర్ ఇంకా వేయలేదు. అప్పుడు స్పీకర్లలోంచి ఒక ఆడపిల్ల పాట వినిపించింది. కోయ భాష. నాకు రాదు. నిమిషంసేపు సాగి, ఒక మాట సగంలో ఆగిపోయింది.

"టేప్ పెట్టినవా అన్నా?" అన్నాడు జానీ.

"కరెంటే లేదు కదరా."

ఆంప్లిఫయర్ చూశాను. స్విచ్ కూడా వేసి లేదు. వెళ్లి తలుపులన్నీ తీసి చూశాం. ఎవరూ లేరు.

నాలుగింటికి కళాకారులు జీపులో దిగారు. వాళ్లలో పెద్దావిడ ముత్తమ్మ పాడుతుంది, తమ్ముడు సోమయ్య డోలు వాయిస్తాడు. ఆమెకు మైకు సరిచేస్తూ నాకు తెలియకుండానే మధ్యాహ్నం విన్న రాగం తీస్తున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"గీ పాట నీకెవరు చెప్పిండ్రు సారూ?"

జరిగింది చెప్పాను. సోమయ్య మెల్లగా చెప్పాడు.

"అక్క బిడ్డ గోదారి వరదల కొట్టుకపోయింది సారూ. పీనుగ గూడ దొరకలే. దాని మీద అక్క కట్టుకున్న పాట గది. ఇంట్ల ఒక్కతే పాడుకుంటది. నాకు గూడ రాదు."

"గొంతు నాలెక్క ఉన్నదా?" అడిగింది ముత్తమ్మ.

"లేదమ్మా. చిన్నపిల్ల గొంతు."

"ఏడ ఆగింది?"

ఆ చోటు రాగం తీసి చూపించాను.

"పొద్దుగూకినంక గదే పాడుత. ఆడనే ఆపుత. మిగిలింది అది పాడుతదేమో సూస్త. అది పిలిస్తే దాని ఎంట పోత సారూ, నాకేం బయం లేదు."

సోమయ్య వద్దని బతిమాలాడు. ఆమె వినలేదు.

సాయంత్రానికి కరెంటు వచ్చింది, హాలు నిండింది. డోలు ఆటలయ్యాక ముత్తమ్మ ఒక్కతే మైకు ముందుకొచ్చి పాడింది. సరిగ్గా అక్కడ ఆపింది. పాట అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. అవీ ఆగాయి. ఆమె కదల్లేదు.

నా హెడ్‌ఫోన్లలో ఆ గొంతు వచ్చింది. కానీ పాట అందుకోలేదు. తెలుగులో, పేరు పెట్టి పిలిచింది. "ముత్తమ్మా, రా." మళ్లీ ఒకసారి, ఇంకాస్త దగ్గరగా.

స్టేజీ మీంచి ముత్తమ్మ నా వైపే చూస్తోంది, ఏమైనా వినిపించిందా అన్నట్టు. లేదని తల ఊపాను.

కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని మిగతా పాట తనే పాడింది. ఆమె గొంతెత్తగానే ఆ పిలుపు తెగిపోయింది.

జీపెక్కే ముందు ఇంకోసారి అడిగింది. "నిజంగనే ఏం రాలేదా సారూ?"

"రాలేదమ్మా."

ఆ కార్యక్రమం రికార్డు చేసిన క్యాసెట్‌లో ముత్తమ్మ గొంతు, చప్పట్లు తప్ప ఏమీ లేవు. మధ్యాహ్నం పాట జానీ కూడా విన్నాడు కాబట్టి నా భ్రమ అనుకోలేను.

కరెంటు లేని స్పీకర్లు ఎలా పాడాయో నాకు ఇప్పటికీ తెలియదు. బిడ్డయితే తల్లిని పేరు పెట్టి పిలుస్తుందా అన్న ఒక్క అనుమానంతో ఆ రోజు అబద్ధం చెప్పాను. అది నిజంగా బిడ్డే అయి ఉంటే మాత్రం, ఆ తల్లికి నేను చేసింది ఏమిటో చెప్పడానికి నాకు మాట దొరకదు.