చేప తల విజయవాడ వైపు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వినే ఆచారం లేదు. అందరం ఒకేసారి మాట్లాడేవాళ్లం, ఎవరి మాటకు వారే తలూపుకునేవాళ్లం. ఆ ఇంట్లో పుట్టి కూడా నెమ్మదిగా మాట్లాడేవాడు మా బాబాయి ఒక్కడే. బాపట్లలో వ్యవసాయ పరిశోధన పొలంలో పనిచేసేవాడు. ఆదివారం రేపల్లెలో మా ఇంటికొచ్చి వసారాలో కూర్చుని, "మొన్న ఏమైందంటే..." అని మొదలుపెట్టేవాడు. ఏమైందో మాకెవరికీ ఇప్పటికీ తెలియదు. "ముందు కాఫీ తాగరా" అని నాయనమ్మ, "అది సరే గానీ" అని మా నాన్న అందుకునేవాళ్లు. ("వాడికి మాటలు రావు" అని నాయనమ్మ వీధంతా చెప్పేది. రానిచ్చిందెప్పుడని వీధిలో ఎవరూ అడగలేదు.)

అలాంటి బాబాయిని, రెండువేల సంవత్సరం దాటిన ఆరేడేళ్లకు, రేడియోలో మాట్లాడమని పిలిచారు. వరి కోతలయ్యాక మాగాణిలో మినుము సాగు గురించి పది నిమిషాలు. అదీ కొత్తగా వచ్చిన విజయవాడ ఎఫ్ఎంలో, పొద్దున ఏడింటికి. పది నిమిషాలపాటు ఎవరూ మధ్యలో ఆపలేని ఏర్పాటు ఆయనకు జన్మలో అదే మొదలు. నాయనమ్మ కూడా మెత్తబడి, "వాడు ఒక మాట మొదలుపెట్టి చివరిదాకా చెబితే వినాలనుందిరా" అంది. చిక్కేమిటంటే రేపల్లెలో మా రేడియోకి ఆ స్టేషన్ వచ్చీరానట్టు వచ్చేది. పాట సగం, పెనం మీద నూనె చప్పుడు సగం. బాబాయి నాకు ఫోన్ చేసి, "నువ్వు చదువుకున్నవాడివి కదరా, అమ్మకి వినపడేలా చూడు" అన్నాడు. (ఆయన నాతో పూర్తిచేసిన మొదటి వాక్యం అదే. ఆ సమయానికి నా నోట్లో ఇడ్లీ ఉంది.)

నేను అప్పటికి ఫిజిక్సులో డిగ్రీ పూర్తిచేసి, ట్యూషన్లు చెప్పుకుంటూ, లోకంలో ఎవరికీ ఏమీ తెలియదన్న నిర్ణయానికి వచ్చి ఉన్నాను. ఆంటెనాల మీద ఒక పుస్తకం సంపాదించి, ముందు సగం చదివి, తెనాలి వెళ్లాను. అందరూ కేబుల్‌కి మారిపోవడంతో అక్కడి షాపులో ఆంటెనాలు మూలన పడి ఉన్నాయి. మూడు పుల్లలది, అయిదు పుల్లలది, పదకొండు పుల్లలది. మూడు పుల్లలది నా హోదాకు చాలదు, పదకొండుది నా జేబుకు మించింది. పాత టీవీ ఆంటెనా చవగ్గా ఇస్తానంటే, "దాని కొలతలు వేరండి, ఎఫ్ఎంకి పనికిరాదు" అని షాపాయనకే పాఠం చెప్పాను. "అవునండి, అందుకే అయిదు పుల్లల ఎఫ్ఎంది తీసుకోండి, రేపల్లెకి అది చాలు" అన్నాడాయన. కట్టిస్తూ, "సార్, ఇది ఒకవైపు నుంచే బాగా లాగుద్దండి. ఎటు తిప్పాలో..." అని మొదలుపెట్టాడు. "తెలుసులెండి" అన్నాను. ఆయన నా ముఖం కేసి చూసి, ఒక చీటీ మీద ఏదో రాసి అట్టపెట్టెలో పడేశాడు.

మేడ మీద వెదురుగడకి కట్టాక తెలిసింది, నాకు తెలియదని. ఒక చివర పొడవు పుల్ల, రెండో చివరకు పోయేకొద్దీ పొట్టివి. ఎటు తిప్పాలో పుస్తకంలో నేను చదవని సగంలో ఉండి ఉండాలి. అప్పుడే నిజాంపట్నం నుంచి చేపలు తెచ్చే ఆవిడ (మాకందరికీ చేపలత్త) గంప దించి పైకి చూసింది.

"ఏంటి బాబూ, చేప ముల్లుని గడకి కట్టావ్?"

"విజయవాడ నుంచి రేడియో పట్టుకుంటుంది అత్తా."

"అట్టాగైతే తల విజయవాడ ఏపు పెట్టు. చేప నీటికి ఎదురే కదా ఈదేది. పెద్ద ముల్లుండే ఏపే తల."

మా ఇంట్లో తిన్నన్ని చేపలు ఎవరూ తిని ఉండరు. అందరికీ ఆ మాట వెంటనే అర్థమైంది. నాన్న "నిజమే" అన్నాడు. నేను దానికి శాస్త్రం జోడించాను: పెద్ద పుల్ల ఎక్కువ తరంగాలను ఆపుతుంది కాబట్టి ముందుండాలి. చేప తల విజయవాడ వైపు తిరిగింది. మధ్యాహ్నం పెట్టి చూస్తే స్టేషన్ ఇంతకుముందుకంటే నీరసంగా వచ్చింది. "ఎండకి అలాగే ఉంటుంది, పొద్దున చూడండి" అన్నాను.

మర్నాడు ఆరున్నరకే వీధి సగం మా వసారాలో ఉంది. నాయనమ్మ రేడియో ముందు పీట వేసుకుంది. సరిగ్గా ఏడింటికి స్టేషన్ గంట కొట్టినంత స్పష్టంగా పలికింది. తమిళంలో. సముద్రం మీదుగా మద్రాసు అంత నిర్మలంగా రేపల్లె రావడం నేనెప్పుడూ వినలేదు.

"వీడికి అరవం ఎప్పుడొచ్చిందిరా?" అంది నాయనమ్మ.

"ఇంట్లో మాట్లాడనివ్వకపోతే ఏం చేస్తాడు పాపం" అన్నారు పక్కింటి తాతగారు.

నేను మేడెక్కి గడను అటూ ఇటూ కదిపాను. తమిళం ఇంకా బాగా వచ్చింది. ఇంతలో అమ్మ పొయ్యి రాజేయడానికి అట్టపెట్టె చింపి, కింద నుంచి కేకేసింది: "ఒరేయ్, ఇందులో చీటీ ఉందిరా! 'పొట్టి పుల్ల విజయవాడ వైపు' అంట!" అప్పటిదాకా మద్రాసు వైపున్న పొట్టి పుల్లను విజయవాడ వైపు గిర్రున తిప్పి కిందికి పరుగెత్తాను. రేడియోలో బాబాయి గొంతు, పక్కనే కూర్చున్నంత దగ్గరగా, "...ఇంతటితో సెలవు, నమస్కారం" అంది.

నాయనమ్మ పీటను రేడియోకి ఇంకా దగ్గరగా జరుపుకుంది. "అయిపోయిందా?" అంది. ఎవరూ మాట్లాడలేదు. మా ఇంట్లో అది వింతే.

ఆదివారం బాబాయి ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. "వినపడిందా?" అన్నాడు. మా నాన్న నాకంటే ముందే, "అద్భుతంరా! ముఖ్యంగా ఆ పల్లాకు తెగులు గురించి చెప్పావే, అది!" అన్నాడు.

"దాని గురించి చెప్పలేదన్నయ్యా. టైం చాల్లేదు."

బాబాయి నా వైపు కూడా చూశాడు. కోపం లేదు. అలవాటైన పనే అన్నట్టు కాఫీ గ్లాసు అందుకున్నాడు. నాయనమ్మ ఆ గ్లాసు లాక్కుని పక్కన పెట్టింది. "కాఫీ తర్వాత. రేడియోలో చెప్పింది మొత్తం ఇక్కడ చెప్పు. మధ్యలో ఎవడు నోరెత్తినా ఊరుకునేది లేదు." ఆయన నవ్వి, గొంతు సవరించుకుని, "శ్రోతలకు నమస్కారం" అని మొదలుపెట్టాడు. పది నిమిషాలు చెప్పాడు. తర్వాత పల్లాకు తెగులు గురించి కూడా చెప్పాడు. మాకు మినుము చేను సెంటు లేదు. అయినా కదలలేదు.

మొన్న బాబాయి పెద్దకర్మకి బంధువులంతా రేపల్లె వచ్చారు. ఆయన ఎంత నెమ్మదస్తుడో ఒకరి మాట మీద ఒకరు పడి, గొంతులు పెంచి చెప్పుకున్నారు. నేను కాసేపు మేడెక్కాను. రేడియో పాడై చాలా ఏళ్లయింది గానీ ఆంటెనా అక్కడే ఉంది. కాకులు వాలి వాలి పక్కకి తిరిగిపోయింది. పొట్టి పుల్లను మళ్లీ విజయవాడ వైపు సరిచేసి దిగాను. ఏం వినపడుతుందని నన్నడగకండి. ఎటు తిప్పాలో మాత్రం ఈసారి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.