బావిలో నేర్చిన ఊపిరి

నన్ను సముద్రం అడుగుకు పంపాలంటే మొదట డాక్టరు దగ్గరికి పంపాల్సి వచ్చింది. అరవై దాటిన మనిషి నీళ్ళ కిందికి దిగాలంటే గుండె, చెవులు, ఊపిరితిత్తులు బాగున్నాయని కాగితం కావాలట. తమిళనాడులో మా ఊరు రాజపాళయం, అక్కడ మాకు తెలిసిన డాక్టరు ఆ కాగితం రాస్తూ రెండుసార్లు తలెత్తి నా ముఖం చూశాడు. అడగాల్సింది ఆయన అడగలేదు. ఇంటికి వచ్చాక మా ఆవిడ అడిగింది.

"చింత చచ్చినా పులుపు చావలేదు" అంది, నా సంచిలో లుంగీలు సర్దుతూ. "అరవై ఒకటి నిండినాయి. ఇప్పుడు ఏం, చేపవా నువ్వు?"

నాకు కోపం రాలేదు. ఈ ప్రయాణం నేను కోరుకున్నది కాదు, మా అమ్మాయి కోరుకున్నది. ఆమెకు ముప్పై రెండేళ్ళు. సత్రపట్టిలో ఆసుపత్రి కట్టుగుడ్డ నేసే కంపెనీలో గుడ్డ చుట్టలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే పని. స్కూటీ మీద పోయి వస్తుంది. ఎవరికీ భయపడదు, నాకు అసలే భయపడదు. నీళ్ళకు మాత్రం భయం. తలస్నానం కూడా కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని చేస్తుంది. మా వాళ్ళంతా అయ్యనార్ జలపాతానికి పోయి తడిసి వస్తే, ఆమె బండ మీద కూర్చుని అందరి బట్టలకూ చెప్పులకూ కాపలా కాసేది.

ఒకరోజు సాయంత్రం నా పక్కన కూర్చుని ఫోను చూపించింది. అండమాన్‌లో ఎక్కడో మారుమూల చిన్న ద్వీపం, పది పన్నెండు చెక్క ఇళ్ళ రిసార్టు, వీపున గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ కింద తిరుగుతున్న మనుషులు.

"ఈత రాకపోయినా పరవాయిల్లే అంట నైనా. పక్కనే నేర్పించే మనిషి ఉంటారంట. నేను పోవాల."

"నువ్వా?"

"నేనే. పాప ఈత నేర్పించమని అడుగుతా ఉండాది. మొన్న బకెట్లో నీళ్ళు ముఖాన పడితే అచ్చం నా మాదిరే అరిచింది. నా భయం దానికి అంటుకుంటా ఉండాది. అంటుకోకూడదు."

పాప అంటే నా మనవరాలు, ఏడేళ్ళది. "సరి, మీ ఆయనతో పోయి రా" అన్నాను.

"లేదు. నీతోనే పోవాల."

ఎందుకని నేను అడగలేదు. ఎందుకో నాకు తెలుసు.

మంసాపురంలో మా పొలంలో బావి ఉంది. నలుచదరంగా తవ్విన పెద్ద బావి, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన రాతిపలకలే మెట్లు. మా ఇళ్ళలో పిల్లలకు ఈత నేర్పేది అక్కడే. వీపుకు ఎండిన సొరబుర్రో, ఖాళీ నూనె డబ్బానో కడతారు. నడుముకు తాడు. ఆ తాడు కొస పెద్దవాళ్ళ మణికట్టుకు ముడి వేసి, పిల్లను పై మెట్టు నుంచి తోస్తారు. తోసే ముందు చెప్పే మాట ఒకటే, ఊపిరి బిగబట్టు. నాకు మా తాత చెప్పాడు, ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. ఆ విద్యలో నన్ను మించినవాడు మా చుట్టుపక్కల లేడని అప్పట్లో నా నమ్మకం. పంపుసెట్టు నీళ్ళు లాగకపోతే బావి అడుగున ఉన్న ఫుట్‌వాల్వులో చెత్త చిక్కుకుందని అర్థం. దిగి దాన్ని తియ్యడానికి నాలుగు పొలాల అవతలి వాళ్ళు కూడా నన్నే పిలిచేవాళ్ళు. ఒక్క ఊపిరిలో అడుగుకు పోయి, చీకట్లో చేత్తో తడిమి, నాచూ ఆకులూ పీకేసి పైకి వచ్చేవాణ్ణి. ఊపిరి ఎంత సేపు పడితే అంత మగాణ్ణి అనుకునే వయసు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు మామిడికాయల కోతకు బంధువులు వచ్చారు. బావి గట్టు మీద నా పెదనాన్న కొడుకులు ముగ్గురు. మా అమ్మాయి వీపున డబ్బా తీసేసి రెండు రోజులైంది, నడుముకు తాడు ఒక్కటే ఉంది. "ఇంకా ఎన్ని రోజులురా దూడను తిప్పినట్టు తాడు కట్టి తిప్పుతావు?" అన్నాడు పెద్దవాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. పిల్ల బావి మధ్యలో చేతులు కొట్టుకుంటూ ఉంది.

తర్వాత ఇంట్లో అందరికీ ముడి జారిందని చెప్పాను. ముడి జారలేదు. నేనే విప్పి, తాడు వదిలేశాను. పిల్ల మునిగింది. దూకి పైకి తెచ్చేసరికి నీళ్ళు మింగి, కళ్ళు తేలేసింది. బతికింది. ఆ రోజు నుంచి బావి వైపు రాలేదు. నేనూ ముడి మాట మార్చలేదు.

అందుకే ఆమె "నీతోనే" అన్నప్పుడు నాకు తప్పించుకునే దారి దొరకలేదు. పోనంటే దోషం ఒప్పుకున్నట్టు, పోతానంటే ఆ పిల్ల పక్కన మళ్ళీ నీళ్ళలో నిలబడాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఊరికే అనలేదు. పోతానన్నాను.

మదురైలో ఒక విమానం, చెన్నైలో ఇంకొకటి, ఆ తర్వాత ఓడ, ఆ తర్వాత చిన్న పడవ. దిగేసరికి నడుము విరిగింది. ఫోను పలికేది పడవలు ఆగే చెక్క వంతెన చివర మాత్రమే. అక్కడ నిలబడి మా ఆవిడతో "వచ్చేసినాము" అని అరిచాను. పొద్దున చూస్తే సముద్రం మా వంటింట్లో గ్యాసు మంట రంగులో ఉంది. అంత నీలం నీళ్ళకు ఉండొచ్చని నాకు తెలియదు.

నేర్పించే మనిషి తూత్తుకుడి వైపు అమ్మాయి, మా అమ్మాయి ఈడుదే. తమిళంలో మాట్లాడింది. ఇంట్లో తెలుగైనా గడప దాటితే మాకు అదే భాష, ప్రాణం లేచి వచ్చింది. ముందు నడుము లోతు నీళ్ళలో పాఠం. "మీలో ఈత ఎవరికి వచ్చు?" అని అడగడం పూర్తికాక ముందే నేను చెయ్యి ఎత్తాను. బావి సంగతి, ఫుట్‌వాల్వు సంగతి, ఒక్క ఊపిరి సంగతి అన్నీ చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "అయ్యా, ఇక్కడ మొదటి రూలు ఒకటే. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. నోట్లో గొట్టం పెట్టుకుని పీలుస్తూనే ఉండాలి, వదులుతూనే ఉండాలి. బిగబట్టి పైకి తేలితే లోపల గాలి ఉబ్బి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి" అంది.

అదెంత పని అనుకున్నాను.

ముందు మా అమ్మాయి వంతు. ముక్కును కూడా కప్పే కళ్ళద్దం పెట్టుకుని ముఖం నీళ్ళలో పెట్టడానికే గంట పట్టింది. పెట్టడం, ఉలిక్కిపడి లేవడం, దగ్గడం, మళ్ళీ పెట్టడం. నేను పక్కన నిలబడి నోరు మూసుకున్నాను. అంతసేపు నోరు మూసుకోవడం నా జీవితంలో అదే మొదలు. కడకు ఆమె ముఖం పెట్టి ఉంచింది. నోటి దగ్గర నుంచి బుడగలు లేచాయి. ఒక గుత్తి, కొంచెం ఆగి ఇంకో గుత్తి. అలా లేస్తూనే ఉన్నాయి.

తర్వాత నేను మునిగాను. గాలి పీల్చాను, గొంతు దానంతట అదే గడియ వేసుకుంది. ఆ అమ్మాయి నా ఛాతీ తట్టి వదలమని సైగ చేసింది. వదిలాను. మళ్ళీ పీల్చగానే మళ్ళీ గడియ. గాలి నిండిన రొమ్ముతో బెండు మాదిరి పైకి తేలాను. లాగింది, మళ్ళీ తేలాను. ఎనిమిదిసార్లో తొమ్మిదిసార్లో అయ్యాక తల పైకెత్తి, "మూచ్చు విడుంగ, అయ్యా" అంది, ఊపిరి వదలమని. విసుగు లేకుండా అంది. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. యాభై ఏళ్ళు గొప్ప అనుకున్న విద్యే ఇప్పుడు అడ్డం పడింది. ఏ విద్యా నేర్వని మా అమ్మాయికి మరిచిపోవాల్సింది ఏదీ లేదు.

"రేపు పడవ మీద పోయేది మీ అమ్మాయి ఒక్కతే అవుతుందేమో అయ్యా. సాయంత్రం ఇంకోసారి చూద్దాం" అంది.

మధ్యాహ్నం భోజనం దిగలేదు. చెక్క వంతెన చివరికి పోయి కాళ్ళు వేలాడేసి కూర్చున్నాను. మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. తల ఇంకా తడిగా ఉంది, తుడుచుకోలేదు.

"నువ్వు రాకపోతే నేను దిగేదిల్లే నైనా" అంది.

"నేనెందుకు? ఆ అమ్మాయి పట్టుకుంటుంది కదా నిన్ను."

ఆమె నా మణికట్టు వైపు చూసింది. ఇక అప్పుడు నా వల్ల కాలేదు. ఇరవై మూడేళ్ళు బిగబట్టిన మాట.

"ఆ రోజు ముడి జారలేదు పాపా. నేనే విప్పినా. వాళ్ళు నవ్వినారని విడిచినా."

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. నీళ్ళ వైపే చూస్తూ, "నాకు తెలుసు" అంది.

"ఎట్ల?"

"నేను నిన్నే చూస్తా ఉన్నా కదా. నువ్వు ముడి విప్పేది చూసినా. నీ చెయ్యి తెరిచేది చూసినా."

నేను నా అరచెయ్యి చూసుకున్నాను.

"మునిగినందుకు కాదు నైనా నా భయం. మునిగితే నువ్వే దూకినావు, తెచ్చినావు. ఇంట్లో ముడి జారింది అని చెప్పినావు చూడు, దాని తర్వాత నేను చూసింది నిజమా కాదా అని నాకే తెలియకుండా పోయింది. ఎవరు పట్టుకున్నా, పట్టుకున్నారా లేదా అనే ఉంటాది." తడి జుట్టు వెనక్కి తోసుకుని, "ఇప్పుడు చెప్పినావు. సరి" అంది.

నేను ఏడ్చాను. అరవై ఒక్క ఏళ్ళ మనిషిని, వంతెన మీద అటూ ఇటూ పరాయివాళ్ళు నడుస్తుండగా, లుంగీ చెరగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆమె నా వీపు నిమరలేదు. లేచి పోనూ లేదు.

సాయంత్రం పాఠంలో పీల్చాను, వదిలాను. ఎలా వచ్చిందంటే చెప్పలేను. రెండుసార్లు గడియ పడింది, మిగతావి పడలేదు. "పరవాయిల్లే అయ్యా, రేపు రండి" అంది ఆ అమ్మాయి.

మర్నాడు పొద్దున పడవలోంచి దిగాం. ఒక చెయ్యి నాది, ఒక చెయ్యి మా అమ్మాయిది నేర్పే అమ్మాయి పట్టుకుంది. పట్టుకోవడానికి కట్టిన తాడు వెంట మెల్లగా కిందికి. చెవులు నొప్పి పెడితే ముక్కు మూసి ఊదాలి, ఊదాం. అడుగున మూడు నాలుగు నిలువుల లోతులో నాకు తెలిసిన బావి చీకటి లేదు. వెలుతురు ఉంది. ముక్కు చిలక మాదిరి ఉన్న చేప ఒకటి పగడపు బండను కొరుకుతుంటే ఆ చప్పుడు కరకరమని వినిపించింది, మా ఆవిడ మురుకులు నమిలినట్టు. మా అమ్మాయి నా బుడగలనే చూస్తోంది. అవి ఆగితే చాలు, రెండో చేత్తో నా మణికట్టు నొక్కేది. వదిలేవాణ్ణి.

అప్పుడు ఆమె కళ్ళద్దంలోకి నీళ్ళు వచ్చాయి. ఆ చేపను చూసి నవ్వి ఉంటుంది, నవ్వితే అంచు లేస్తుంది. ముక్కు దాకా నీళ్ళు. కళ్ళు పెద్దవయ్యాయి. ఆ కళ్ళు నాకు తెలుసు, తొమ్మిదేళ్ళ పిల్లవి. ఆమెను పట్టి పైకి లాగేద్దామని నా చెయ్యి ముందుకు పోయింది. ఆమె అరచెయ్యి ఎత్తి ఆగమంది, నన్నూ, నేర్పే అమ్మాయినీ ఇద్దరినీ. పాఠంలో నేర్పినట్టే అద్దం పై అంచు నొక్కి, తల వెనక్కి వంచి, ముక్కుతో ఊదింది. సగం పోయాయి. మళ్ళీ ఊదింది. అద్దం తేటపడింది. లోపల రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయి. నవ్వుతున్నాయి. నేను చెయ్యి వెనక్కి తీసుకుని ఊపిరి వదిలాను.

పడవ ఎక్కాక ఆమె తల తుడుచుకుంటూ, "పాపకు ముందు ముఖం పెట్టేది నేర్పించాల. తొయ్యకూడదు" అంది. నాకు చెప్పిందో, తనకు తాను చెప్పుకుందో తెలియదు. నేను తల ఊపాను.

ఊరికి వచ్చాక మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "చేప వచ్చింది" అంది. జరిగిందంతా ఆమెకు కూడా చెప్పాను, ముడి సంగతితో సహా. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కాఫీ తెచ్చి పెట్టింది.

ఐప్పసి నెల వానలకు మంసాపురం బావి నిండింది. పై నుంచి అయిదో మెట్టు దాకా నీళ్ళు. ఒక ఆదివారం పొద్దున అందరం పోయాం. మా ఆవిడ గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడింది. మా అమ్మాయి చీర బదులు చుడీదారు వేసుకుని వచ్చింది. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది, రొమ్ము లోతులో ఆగింది. ఇరవై మూడేళ్ళ తర్వాత ఆ నీళ్ళు ఆమెను తాకాయి. ముఖం ముంచి, బుడగలు వదిలి, తల ఎత్తి, "చూసినావా?" అని మనవరాలిని అడిగింది. అది కూడా ముఖం ముంచింది. గుడగుడమని బుడగలు. ఎవరూ తొయ్యలేదు.

మా అమ్మాయి దాని వీపుకు నూనె డబ్బా కట్టింది. నడుముకు తాడు కట్టింది, లాగి చూసింది, ఇంకోసారి లాగి చూసింది. నేను పై మెట్టు మీద ఉన్నాను. అలవాటు కొద్దీ మణికట్టు చాపాను, ముడి వేస్తుందని.

ఆమె ముడి వెయ్యలేదు. తాడు కొస నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"పట్టుకో నైనా" అంది, పాప వైపు తిరిగింది.