కుక్క కంటి ఎత్తులో

రాయగడలో స్టూడియో నడిపిన ఆ ఫోటోగ్రాఫరు పోయారని విన్నప్పుడు నాకు ఆయన ముఖం కన్నా ముందు వీపు గుర్తొచ్చింది. కుక్కల్ని ఆయన ఎప్పుడూ నిలబడి తీసేవారు కాదు. పైనుంచి తీస్తే ఎంతటి వేటకుక్కయినా చిన్నదైపోతుందని, నేలమీద బోర్లా పడుకునేవారు.

తొంభైల చివర్లో పందుల వేటకి పేరుపడ్డ మా రాజపాళయం జాతి కుక్కని తియ్యడానికి మా ఊరు తెరుబలి వచ్చారు. తెల్లని ఒళ్ళు, సన్నని నడుము, గులాబీరంగు ముక్కు. "ఏటి బాబూ, ఎంత సక్కటి ఛాతీ దీనిది" అని మా అన్నయ్యతో మురిసిపోతుండగానే గొలుసు కొక్కెం ఊడింది. కుక్క ఒక్క దూకులో వెళ్ళి, బోర్లా పడుకున్న ఆయన మెడ మీదికి వంగి పళ్ళు బయటపెట్టి గుర్రుమంది. అన్నయ్య దాన్ని పట్టుకోడానికి పరిగెత్తబోయాడు.

"పరిగెట్టకండి బాబూ," అన్నారాయన పెదవులు కదపకుండా. "నన్ను అడివిపందనుకుంటాది."

అన్నయ్య మెల్లగా దాంతో మాట్లాడుతూ వెళ్ళి, మెడపట్టీ పట్టుకుని, లోపలికి తీసుకెళ్ళి గదిలో పెట్టి వచ్చాడు. ఆయన మాత్రం లేవలేదు. ఇంకో ఫోటో కోసమేమో అనుకున్నాం.

"తలుపేసేసేను, లెగండి," అన్నాడు అన్నయ్య.

"తెలుసు బాబూ," అన్నారాయన నేలకేసి చూస్తూనే. తర్వాత నావైపు చెయ్యి చాపారు. "అమ్మీ, కాళ్ళు రావడం లేదు. కాస్త లేపు."