కప్పు మీది సింహాలు, పక్కింటి బొగ్గు

పిట్‌కారో రేవులో ఉప్పూ ఎండుచేపలూ అమ్మి బాగుపడ్డ వర్తకుడొకాయన నాలుగు వందల ఏళ్ళ కిందట కట్టించిన ఇల్లది. మెట్లు మెట్లుగా పైకెక్కే గోడ కొసలు, హాలెండు నుంచి తిరిగొచ్చే ఓడలు అడుగున బరువు కోసం వేసుకొచ్చిన ఎర్ర పెంకులు, గుమ్మం పైరాతి మీద మొగుడూ పెళ్ళాల పొడి అక్షరాలు. మేడ గదిలో దూలాల నిండా రంగుల సింహాలు. సింహాన్ని జన్మలో చూడనివాడు వేసినందువల్ల అవి పంటినొప్పితో బాధపడే గొర్రెల్లా ఉండేవి.

ఆ మృగరాజుల సంరక్షణ భారాన్ని ఊరి పెద్దలు యూఫీమియా లంస్‌డెన్ అనే ఎఫీ భుజాల మీద మోపి, తాము నిశ్చింతగా నిద్రపోయారు. ఎఫీకి మొగుడు లేడు, పిల్లల్లేరు. తడి తోకతో గోడలు పాడుచేస్తుందని కుక్కనైనా పెంచుకోలేదు. మసి తగిలితే సింహాలు నల్లబడతాయని, కాపలాకు చేరిన నాటి నుంచీ ఆ గదిలో పొయ్యి రాజేయలేదు. కిటికీలకు మేకులు దిగ్గొట్టించి, ఒంటి మీద మూడు స్వెట్టర్లు వేసుకుని తిరిగేది.

కొత్త సంవత్సరం నాడు గడప తొక్కే తొలి మనిషి శుభానికి గుర్తుగా బొగ్గుముక్క తేవాలని అక్కడి ఆచారం. ఎఫీ ఇంటికి ఏటా పక్కింటి గిల్బర్టే తెచ్చేవాడు.

"నీ పొగగొట్టం కలకాలం పొగలు చిమ్మాలి, ఎఫీ!"

"చిమ్ముతుందిలే. ముందు ఆ బూట్లు విప్పు."

"పొయ్యీ వెలిగించవు, కేకు ముక్కా పెట్టవు. నువ్వు కాపలా కాసేది ఇంటికా, శవానికా?"

బొగ్గు భద్రంగా గోడ అలమరలోకి చేరేది.

ఈ ఏడు దూలాలకు బూజు పట్టింది. రంగు పెచ్చులుగా లేచింది. ఎడిన్‌బరో నుంచి పాత కట్టడాల నిపుణురాలు నెయిర్న్ వచ్చి, గోడకు అరచెయ్యి ఆనించి చూసింది.

"ఇక్కడ ఆఖరిసారి మంట ఎప్పుడు వేశారండీ?"

"నా హయాంలో ఒక్కసారి కూడా వెయ్యలేదు," అంది ఎఫీ, పతకానికి మెడ వంచుతున్నదానిలా.

"అయ్యో, రాతి గోడలమ్మా ఇవి, చెమ్మ పీలుస్తాయి. పొయ్యి వెలుగుతూ, గాలి ఆడుతుంటేనే ఆరేది. మీకు ముందు ఈ సింహాలు వందల ఏళ్ళు ఆ మసిలోనే బతికాయి."

"ఇప్పుడు వేస్తేనో?"

"సన్నటి సెగ పెడితే ఒకటో రెండో దక్కొచ్చు. వారంలో మనుషుల్ని తెస్తాను. అందాకా దేన్నీ ముట్టుకోకండి."

వారం ఆగడం ఎఫీ వల్ల కాలేదు. నెయిర్న్ బండి మలుపు తిరిగీ తిరగకముందే అలమరలో బొగ్గంతా పొయ్యిలో పోసి అంటించింది. పొగ పైకి వెళ్ళినట్టే వెళ్ళి, నల్లగా గదిలోకే దిగింది.

గిల్బర్ట్ దగ్గుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఎఫీ! పొగగొట్టం మూయించావు కదే! కాకులు పుల్లలు పడేస్తున్నాయని!"

"మూసింది నువ్వేగా."

"మూయమన్నది నువ్వేగా!"

మేకుల కిటికీ ఎంతకీ కదల్లేదు. అతను బూటుకాలితో తన్నాడు. అద్దం బద్దలై, సముద్రపు గాలి ఒక్కసారిగా లోపలికి దూకింది. లేచి ఉన్న పెచ్చులన్నీ జలజలా రాలాయి. తోకలు, పంజాలు, ఆ గొర్రెముఖాలు ఎఫీ నెరిసిన జుట్టు మీద పడ్డాయి. పైన మిగిలినవి మసిబారిన దూలాలే.

ఎఫీ వెళ్ళి చీపురు తెచ్చుకుంది. గిల్బర్ట్ వంగి బూట్లు విప్పబోయాడు.

"ఉంచుకో," అంది ఎఫీ.